సీతారామరావు గారు పోతపోసిన ఊపిరితిత్తి

మన బారిడీహ్ కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మా ల్యాబు మిత్రులకు నమస్కారం. గౌరీదేవి పిన్నీ, మీ దుఃఖం పంచుకోవడానికే ఇంతమందిమి వచ్చాం. డ్యూటీ దిగి ఇల్లు చేరకుండా నేరుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. నా పేరు స్మిత. సీతారామరావు బాబాయ్‌తో ఆరేళ్లు పనిచేశాను. ఏడుపు మొహం ఆయనకు గిట్టదు కాబట్టి గర్వంగానే మాట్లాడతాను.

ప్లాంటు టూల్‌రూమ్‌లో ఫిట్టరుగా రిటైరయ్యారని మీకు తెలుసు. ఆ తర్వాత మా ల్యాబులో చేరి ఏం చేశారో తెలుసా? ఊపిరితిత్తి చేశారండీ! అగ్గిపెట్టెంత మెత్తని దిమ్మ. లోపల వెంట్రుకంత సన్నని దారులు. ఒకదాంట్లో గాలి, ఇంకోదాంట్లో రక్తంలాంటి ద్రవం, నడుమ పొర మీద మనిషి కణాలు. మన ఛాతీలాగే సాగుతుంది, ముడుచుకుంటుంది. రాతిధూళి జబ్బు లోపల ఎలా మొదలవుతుందో చూడాలంటే అది కావాలి. ఆ దిమ్మను పోసే ఇత్తడి అచ్చు ఆయన చేతిపని.

కానీ మూడు నెలలు ఏం జరిగింది? వేసిన కణాలన్నీ మూడో రోజుకల్లా చచ్చిపోయేవి. మా చదువులన్నీ ఎందుకూ కొరగాలేదు. ప్రాజెక్టు మూసేద్దామని మీటింగు పెట్టాం. అప్పుడు బాబాయ్ లేచారు. "తప్పు నాదేనమ్మా. అచ్చు ఇచ్చినప్పుడల్లా నానే నూనె రాసీసినాను. పని అయిపోయాక నూనె రాయకపోతే చెయ్యి ఊరుకుంతాదేటి?" ఇనుముకు తుప్పు పట్టకుండా టూల్‌రూమ్‌లో నలభై ఏళ్లు చేసిన అలవాటు! అచ్చు నుంచి దిమ్మలోకి దిగిన ఆ నూనే కణాలను చంపింది. చెప్పకపోతే ఎవరికి తెలిసేది? అంతమంది డాక్టర్ల ముందు నిలబడి చెప్పారు. కొత్త అచ్చు చేశారు. వారం తిరిగినా కణాలు బతికాయి.

అయ్యలారా, టూల్‌రూమ్‌కు రాకముందు ఆయన మూడేళ్లు రాళ్లు కొట్టే యార్డులో పనిచేశారు. ఆ ధూళి ఆయన లోపలే ఉండిపోయింది. పరీక్షకని డాక్టర్లు ఆయన ఊపిరితిత్తిలో ముక్క తీస్తే, మిగిలింది మా ల్యాబుకిమ్మని సంతకం పెట్టారు. నేను ఏడ్చేశాను. "ఏడుత్తావేటమ్మా? అచ్చు నాదే, సరుకూ నాదే. ఇంకేటి తక్కువ?" అన్నారు.

ధూళి తగిలి మచ్చకట్టడం మా దిమ్మలో మొదటిసారి చూసింది ఆయన కణాల్లోనే. దాన్ని ఆపే మందు కోసం వెతుకుతున్నాం. ఆయనకు అందలేదు. ఆ బాధ నాకుంది, దాచుకోను. కానీ పిన్నీ, ఈ ఉదయం కూడా ఆ కణాలకు ఆహారం మార్చి వచ్చాను. బతికే ఉన్నాయి.

ఇక అందరం లేద్దాం. ఒక్క నిమిషం మాటలు ఆపి ఆయన్ని తలుచుకుందాం. ఎవరికైనా దగ్గొస్తే మొహమాటపడి ఆపుకోకండి. ఆయన పనిచేసింది ఆ దగ్గు కోసమే.