గ్లవ్ చిరిగిన పది నిమిషాలు

గాలి చొరకుండా ఆర్గాన్ వాయువు నింపిన గాజు పెట్టెకు ఇటు మరిది, అటు వదిన. పెట్టెకు బిగించిన రబ్బరు గ్లవ్స్‌లో అతని చేతులు మోచేతుల దాకా ఉన్నాయి. ఆ ల్యాబుకు ఇన్‌ఛార్జి ఆమె.

“కదలకు! కదలకన్నానా?”

“కదల్లేదు వదినా. బొటనవేలి దగ్గర చిరిగింది. రెండో చేత్తో నొక్కి పట్టుకున్నా.”

“అలాగే పట్టుకో. గాలి తగిలిందా, నికెల్ పొడి భగ్గుమంటుంది. ఎల్లుండికి నూనె ఫ్యాక్టరీకి పోవాల్సిన కేటలిస్టు.”

“నీ వైపు గ్లవ్స్‌తో పొడి డబ్బాకి మూత పెట్టెయ్యొచ్చుగా?”

“మూత పెట్టె పక్క అరలో పెట్టా. పంపు అందులో గాలంతా లాగేస్తేగాని లోపలి తలుపు తియ్యకూడదు. పది నిమిషాలు.”

“పదా!”

“పదే. నాకూ పనికొస్తాయి. మూడు వారాల్నుంచి నన్ను చూస్తే చాలు, జారుకుంటున్నావు. ఇప్పుడెక్కడికి పోతావో చూస్తా. మీ అన్నయ్య ఎక్కడ?”

“చెప్పాగా, ట్రైనింగని.”

“ఏ ఊళ్ళో?”

“అదే... వేలు తిమ్మిరెక్కుతోంది వదినా.”

“ఎక్కనీ. ఏ ఊళ్ళో?”

“అన్నయ్యనే అడగొచ్చుగా.”

“ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. వెనక ఎవరో ఆడమనిషి, ‘టైమైంది, పడుకోండి’ అంటోంది. ఎవత్తది?”

“ఛ, ఛ! ఆవిడ నర్సు—”

“ఏమిటీ?”

“ఏం లేదు.”

“నర్సన్నావు.”

“నన్నొదిలెయ్యి వదినా. ఒట్టు పెట్టించుకున్నాడు.”

“నీ ఒట్టు గట్టున పెట్టు. ఏమైంది ఆయనకి?”

“ఊపిరితిత్తులు. ఈ పొడేనంట. మన తూకం గదిలో నాలుగేళ్ళు పనిచేస్తూ పీల్చాడుగా.”

“ఆ దగ్గు... జలుబన్నాడు! జలుబేనన్నాడు నాతో! తగ్గుతుందన్నారా?”

“ఇంకా ముదరకుండా చూస్తామన్నారు.”

“అంతేనా?”

“అంతే. వదినా, పంపు ఆగింది.”

“ఆఁ... ఉండు. మూత... ఇదిగో, బిగించేశా. వదులు. చేతులు తీసెయ్యి. పద, నన్నక్కడికి తీసుకెళ్ళు.”

“ఇప్పుడొద్దు.”

“ఇప్పుడే! కట్టుకున్నదాన్ని, నాకు దాస్తాడా? ఏడుస్తాననా? భయపడి చస్తాననా?”

“అది కాదు.”

“మరింకేంటి?”

“వద్దులే.”

“చెప్పు!”

“తూకం గదిలో మాస్కులు అక్కర్లేదన్న కాగితం మీద సంతకం నీదే వదినా. అది నీకు గుర్తు రాకూడదన్నాడు.”