సుంకమ్మ మోచేతి కొలత

ఎర్రిస్వామని ఎగువపల్లిలో జీపుండే మనిషి. జీపు ఎర్రిస్వామి అంటేనే గుర్తుపడతారు, వొట్టి ఎర్రిస్వామంటే ఆ ఊర్లో ఆరుమంది పలుకుతారు. ఆ జీపు పాతది, యాడో వేలంలో తెచ్చుకున్యాడు. పైన తార్పాలు టాపు, పక్కల తలుపుల్లేవు, ఏమీ లేవు. సంతకు మనుషుల్ని, మూటల్ని, మేకల్ని అన్నీ దాంట్లోనే తోల్తాడు. పెండ్లాం పేరు సుంకమ్మ. మా పిల్లే, ఈ రాళ్లకుంట పిల్లే, మా ఇంటికి ఎదురిల్లు. కాపరానికి పొయిన కాడినుంచి ఆ పిల్ల జీపులో ముందర సీటే, మొగుని పక్కనే. చెయ్యి బయట పెట్టుకోని, కొంగు గాలికి ఇడిచి పోతాంటే చూసేవాళ్లకు కండ్లు మండుతాండె అనుకో. నాకు మండలేదా అంటే మండింది, నేనెందుకు అబద్ధం చెప్పాల. చెనక్కాయలు వొలుస్తా ఇనండమ్మీ, చేతులు నిలపద్దండి.

ఏమైందంటే, మూడేండ్లు అట్ల తిరిగినారు. ఒక ఎండాకాలం, ఉగాది అయినాంక, సంత చేసుకోని ఇద్దరే వస్తాండారంట. ఎర్రిస్వామికి ఒక గుణముండాది, స్టీరింగు పట్టుకున్యాడంటే నోరు మూతపడదు. వాళ్ల ఊరి సంగతి, వీళ్ల ఎద్దు సంగతి, వాన యాడ పడిందో యాడ పడలేదో, అన్నీ చెప్తానే ఉంటాడు. కొండ మలుపు కాడ ఒక దూడ అడ్డమొచ్చింది. బండి ఇట్ల కొట్టినాడు, అట్ల తిప్పినాడు, దూడ బతికింది. సుంకమ్మ బయట పడింది. నవ్వద్దండి, నవ్వేదానికి శానా టైముంది. ఇసకలో పడింది కాబట్టి సరిపాయె, మోకాలు దోక్కపొయింది, గాజులు పగిలినాయి. అది పెద్ద మాట కాదు. పెద్ద మాటేందంటే, ఆయప్పకు తెలీలేదు. పక్కన మనిషి లేదని తెలీకుండా మాట్లాడుకుంటా, మాట్లాడుకుంటా, మాట్లాడుకుంటా వంక దాటి ఆ పక్క మిట్టెక్కినాడంట. ఏం సుంకీ, పలకవేమి, నిద్రొచ్చిందా అని తిరిగి చూస్తే సీటు ఖాళీ. బండి మళ్లేసుకోని వచ్చి చూస్తే మలుపు కాడ గాజు పెంకులుండాయి, మనిషి లేదు. ఎందుకుంటాది, ఆ పిల్ల కొంగు దులుపుకోని చేన్లకు అడ్డంపడి నడిచి మా ఊరికి వచ్చేసింది.

వాళ్లమ్మ గంగక్క గడపలోనే ఉండింది. యాంటికొచ్చినావు పాపా, ఒక్కదానివే, కుంటుకుంటా అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్పిందో తెలుసునా? పడినందుకు కాదమ్మా, నేను పడినా తెలీనోని పక్కన నేనెందుకు కూచోవాల అనింది. అంతే, మల్ల ఆ మాట ఎత్తలేదు. ఎర్రిస్వామి అదే దినం పరిగెత్తుకుంటా వచ్చినాడు, పసుపు తెచ్చినాడు, మొక్కినాడు, మొకం చిన్నది చేసుకోని వాకిట్లో కూచున్యాడు. ఈ పిల్ల బయటికి రాలేదు. ఆయప్ప వారానికొకసారి వచ్చేవాడు, కూచునేవాడు, గంగక్క చేతి నీళ్లు తాగి పొయ్యేవాడు. ఆయప్ప పొయినాంక ఈ పిల్ల బయటికొచ్చి ఆ చెంబు తీసి కడిగేది. గంగక్క కడుగుతానంటే ఇయ్యదు.

దసరాకు ఏం చేసినాడంటే, జీపుకు రెండు పెద్ద తలుపులు పెట్టిచ్చినాడు. నిలువు తలుపులు, పైన అద్దాలు, గట్టి గొళ్లెం. ఇంక పడవులేవే, రా అని పిల్చినాడు. పెద్దోళ్లందరం చెప్తే, సరేలెమ్మని ఆ పిల్ల ఎక్కింది. మూసిన బండి వాళ్ల వంశంలోనే పడదు, వాళ్ల నాయనకూ పడకుండా ఉండె. మా ఊరి బోరింగు కాడికి పోకముందే కడుపులో తిప్పి, తల తిప్పి, దిగి వాంతి చేసుకునింది. దిగిన మనిషి మల్ల ఎక్కలేదు. దీంట్లో నన్ను పెట్టి మూసేకి తెచ్చినావా అనింది. పాపం ఆయప్ప. పడింది చూసుకోకపోతే ఒక తప్పు, కదలకుండా మూస్తే ఇంకొక తప్పు.

మల్ల ఎండాకాలమొచ్చె. అప్పుడు పొయినాడంట టౌన్లో వెల్డింగు షాపు ఇమాంసా కాడికి. ఈ ముచ్చట నాకు ఇమాంసానే చెప్పినాడు, నా ట్రంకుపెట్టె బందు ఊడితే వేపిచ్చుకునేకి పొయినప్పుడు. ఎర్రిస్వామి పొయి, అన్నా, మనిషి పడకూడదు, గాలి తగలాల, ఏమన్నా చెయ్యి అన్యాడంట. ఇమాంసా తెలివైనోడు. దానికేముందప్పా, ఎండాకాలానికి సగం తలుపులు చేస్తా, కింద రేకు, పైన గాలి, చలికాలమొస్తే ఆ పెద్దవి తగిలిచ్చుకో అన్యాడు. కానీ సగమంటే యాడికి సగమో దానికొక లెక్కుంది. కూచున్న మనిషి మోచెయ్యి తలుపు మింద ఆనాల. దానికంటే దించితే మనిషి తూలితే పోతాది, దానికంటే ఎత్తితే భుజం నొస్తాది. ఏ పక్క కూచునేవాళ్ల కొలత ఆ పక్కకే. నీ పక్కది నీ కొలత, ఆ పక్క ఎవురు కూచుంటారు అని అడిగినాడు. మా ఇంట్లోది కూచుంటాది. అట్లయితే పిల్చుకోని రా, కొలుస్తా. ఆమె రాదన్నా. రాకుంటే యట్ల, పొయి కొలుచుకోని రా. పోతే బయటికి రాదన్నా.

ఇమాంసా టేపు చుట్టి జేబులో పెట్టుకున్యాడంట. అప్పుడు ఎర్రిస్వామి ఏం చేసినాడంటే, పొయి జీపులో స్టీరింగు కాడ కూచోని, కండ్లు మూసుకోని, ఎడమ చెయ్యి చాచి, ఖాళీ సీటు పక్కన గాల్లో పెట్టినాడు. ఈడికి వస్తాదన్నా అన్యాడు. ఇమాంసా టేపు పెట్టి చూసి, ఏమప్పా, ఇంత ఎత్తు మనిషా అన్యాడు. అవునన్నా. రోంత సేపు తిరిగొచ్చి మల్ల చూపీ అంటే మల్ల కండ్లు మూసుకున్యాడు, మల్ల చెయ్యి పెట్టినాడు, వెంట్రుకవాసి తేడా లేదు, అదే ఎత్తు. ఇమాంసా పెండ్లాం అన్నం క్యారేరు తెచ్చిందంట, ఆమె మంచి పొడుగు మనిషి. ఆమెను ఎక్కిచ్చి చూసినారు. నాకే ఎత్తవుతాది తమ్ముడా అనింది. మా సుంకి నీకంటే పొడుగు మనిషిలే వదినా అన్యాడంట. అంత ధైర్యంగా చెప్పే మనిషిని ఎవురు కాదంటారు. పైపు వొంచినారు, రేకు కొట్టినారు, కీలు పెట్టినారు, పచ్చరంగు పూసినారు. నాలుగు దినాలు ఆయప్ప ఆ షాపు కాడనే ఉన్యాడు. ఎండలో రేకు పట్టుకోలేనంత కాలుతాంటే, దీని మింద చెయ్యి పెడితే ఆమెకు సురుక్కుమంటాదేమోన్నా అని అదొక దిగులంట.

తెచ్చినాడు. నేను అప్పుడు వాకిట్లో చాటలో కందిపప్పు చెరుగుతాండా. జీపు వచ్చి ఆగింది, పచ్చ తలుపులు, సగం సగం, చూసేకి ముచ్చటగా ఉండాయి. ఆయప్ప గట్టిగా పిలవను కూడా లేదు, దిగి ఆ పక్కకు పొయి తలుపు తీసి పట్టుకోని నిలబడినాడు. ఎంతసేపు నిలబడినాడో. నేను చాట పక్కన పెట్టేసినా. రావే తల్లీ అని నా మనసులో నేను అనుకుంటాండా. గంగక్క లోపలికి పొయి ఏం చెప్పిందో ఏమో, సుంకమ్మ వచ్చింది. దసరా పొయినాంక మల్ల అప్పుడే మొగుని మొకం చూసింది. ఎక్కి కూచునింది. ఆయప్ప తలుపేసినాడు.

ఏముంది, తలుపు గడ్డం కాడికి వచ్చింది. ఆ పిల్ల అసలే పొట్టిది. గోడ ఎనకాల పిల్లకాయ తొంగి చూసినట్ల ఉండాది. మోచెయ్యి ఎత్తి మింద పెట్టబొయ్యింది, అందలేదు. ఈదిలో వాళ్లు కిసుక్కుమన్యారు. నాకు మటుకు ప్రాణం ఉసూరుమనె. ఇంక అయిపాయెరా, పడినా తెలీలేదు, పక్కన మూడేండ్లు కూచున్నదాని కొలతా తెలీలేదు, ఈ పొద్దుతో సరి అనుకున్యా. సుంకమ్మ కూడా అదే అడిగింది. ఇది ఎవురి కొలత అనింది. నీదే అన్యాడు. నేనెప్పుడు ఇంత ఉన్యా? ఆయప్ప తలుపు దిక్కు చూస్తాడు, ఆమె దిక్కు చూస్తాడు, నిజంగానే అర్థం కాలేదు ఆయప్పకు. ఆఖరికి ఏమన్యాడంటే, ఏమో సుంకీ, నువ్వు పొయినాంక ఇంట్లో యాడ చూసినా నువ్వే, పొయ్యి కాడ నువ్వే, గడపలో నువ్వే, ఇల్లు పట్టనంత ఉంటివి, నువ్వు ఇంత చిన్నదానివని నాకు గుర్తే లేదు అన్యాడు.

ఈదిలో ఎవురూ నవ్వలేదు అప్పుడు. ఆ పిల్ల తలుపు తీసుకోని దిగింది. ఇంట్లోకి పొయింది, ఇంక రాదనుకున్యాము. పొయ్యిలోనుంచి బొగ్గు తీసుకోని వచ్చింది. మల్ల ఎక్కి, నడుం నిటారుగా పెట్టి, మోచెయ్యి తలుపుకు ఆనిచ్చి, కింద బొగ్గుతో గీత గీసింది. ఈడికి కోయిచ్చుకోని రాపో, వస్తా అనింది. వస్తా అనింది. ఆ మాట ఇన్యాక ఆయప్ప భోజనానికి కూడా నిలబడలేదు, గంగక్క ఎసరు పెట్టింది పెట్టినట్లే ఉండిపాయె.

సాయంత్రానికి వస్తాడనుకుంటిమి. రాలేదు. రెండో దినం రాలేదు. మనసు మార్చుకున్యాడేమో, ఊరంతా చూసిరి కదా, సిగ్గుపడినాడేమో అని ఒకరు, బండి చెడిపొయిందేమో అని ఒకరు. సుంకమ్మ పొద్దున్నే తల దువ్వుకోని, ఉతికిన చీర కట్టుకోని, మూట కట్టి గోడవార పెట్టుకునింది. బస్సు వచ్చినా లేస్తాది, ట్రాక్టరు వచ్చినా లేస్తాది. మాపటికి మూట ఇప్పి అదే చీర మడత పెట్టుకుంటాది, మల్ల పొద్దున కట్టుకుంటాది. ఏడాది పొడుగునా ఆయప్ప వాకిట్లో కూచున్యాడే, అదంతా మూడు దినాల్లో ఆ పిల్లకు తెలిసొచ్చె. మూడో దినం నా కాడికి వచ్చి, పెద్దమ్మా, ఆ గీత ఎండకు చెరిగిపొయుంటాదా, చెయ్యి తగిలి పొయుంటాదా అని అడిగింది. బొగ్గు గీత యాడికి పోతాది పాపా అని చెప్పినా కానీ నాకూ గుబులే. ఎదురుచూసేది ఎంత చెడ్డదో నాకు తెలుసు, అది నేను ఒకరు చెప్తే నేర్చుకునింది కాదు.

సంగతేందంటే టౌన్లో కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపొయిందంట, ఎప్పుడొస్తాదో ఎవురూ చెప్పరు. కరెంటు లేనిది ఇమాంసా ఏం చేస్తాడు, రెండు దినాలు ఆగప్పా అన్యాడు. ఈయప్ప ఒక దినం ఆగినాడు, ఆగలేకపొయినాడు. ఇనుము కోసే యాక్సా బ్లేడు తీసుకోని చేత్తో కోసేకి కూచున్యాడు. పైపు, రేకు, రెండూ చేత్తోనే. బ్లేడ్లు ఇరుగుతాంటే కొత్తవి ఎక్కిచ్చుకుంటా, గీత వెంబడే, గీత దాటకుండా. నేను కోస్తాలేప్పా అని ఇమాంసా అంటే ఇయ్యలేదంట. కోసినాంక పైన పైపు అతికిచ్చేకి కరెంటు లేదు కదా, రేకు అంచు తెగుతాదని పాత సైకిలు ట్యూబు చీల్చి చుట్టి, బిగిచ్చి కట్టినాడు.

నాలుగో దినం పొద్దున వచ్చినాడు. ఒక తలుపు పచ్చరంగుతో బాగుండాది, రెండోది నల్ల ట్యూబు చుట్టుకోని ఏందో గాయానికి గుడ్డ కట్టినట్ల ఉండాది. ఆయప్ప చేతులు చూస్తే బొబ్బలు, కొన్ని పగిలినాయి. సుంకమ్మ తలుపు చూడలేదు, చేతులు చూసింది. నువ్వే కోసినావా అనింది. ఊ అన్యాడు. మూట ఎనక సీట్లో పడేసి ఎక్కి కూచునింది. మోచెయ్యి ట్యూబు మింద పెట్టింది, చక్కగా ఆనింది. చెయ్యి బయటికి ఏలాడేసి, పోనీ అనింది. గంగక్క కండ్లు తుడుచుకుంటాంటే ఆయప్ప బండి కదిలిచ్చినాడు. ఆ పక్క మలుపు తిరిగేలోపల ఎన్ని మాట్లు పక్కకు తిరిగి చూసినాడో, రోడ్డు చూడు నాయనా, రోడ్డు చూడు అని మేమే అరిచినాము. నోరు మటుకు ఎత్తలేదంట, ఎగువపల్లి చేరేదాకా. ఆ పిల్లే మాట్లాడుకుంటా పొయిందంట.

అంతే, కత అయిపాయె. ఇప్పుడు వాళ్లకు ఇద్దరు పిల్లోళ్లు. మీరు నన్ను అడగాలని చూస్తాండారు, నాకు తెలుసు, అడగండి. నేను కూడా పడినదాన్నే. నా మొగునిది ఎద్దులబండి, నన్ను ఎవురూ పడెయ్యలేదు, దోవ చీలే కాడ నా అంతట నేనే దిగినా. అలిగినా. దిగితే తిరిగి చూస్తాడులే అని నిలబడినా. బండి పోతానే ఉండె, చెరువు దాటె, చింతల తోపు దాటె, చక్రాల సద్దు కూడా ఇనపడకుండా పాయె. నేను పుట్టింటికి వచ్చేసి ముప్పై నాలుగేండ్లాయె. తప్పు ఆయప్పదే అంటాండా ఇన్ని దినాలూ. కానీ సుంకమ్మను చూసినాంక ఒకటి అనిపిచ్చింది. ఆ పిల్ల మొగుడు నీళ్లు తాగిన చెంబన్నా బయటికొచ్చి కడుగుతాండె, నేను గడప దాటి ఒక మాట చెప్పంపలేదు ఎప్పుడూ. ఇప్పుడు ఎవురన్నా ఆయప్పను కూచోబెట్టి కండ్లు మూసుకోమని, మీ ఇంట్లోది ఎంతుంటాది చూపీ అంటే, చెయ్యి యాడ పెడతాడో. అసలు ఎత్తుతాడో లేదో.