దీపం చేప కడుపులో

రేవు పక్కన టీకొట్టు ఆవిడది, కోతలు మొగుడివి. బోటు ఓనరు, బోటు నడిపే కొత్త సరంగు కోసం వెతుక్కుంటూ వచ్చి బల్ల మీద కూర్చునేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఈ పనైనా దొరికితే ఈ మనిషి కొట్టు వదిలి కదులుతాడని ఆశ.

"బోటు నడిపిన అనుభవముందా?" అన్నాడు ఓనరు, ఆవిడ మొగుడితో.

ఉందని ఊరుకుంటే పోయేది. ఊరుకుంటే వాడు వాడెందుకవుతాడు?

"అనుభవమా! ఓసారి నా వలలో ఏం పడిందో తెలుసా సార్? దీపం చేప! నెత్తి మీద పుల్ల, పుల్ల చివర వెలుగు. ఎండ పొడ సోకని అడుక్కి దిగి కూర్చుంటుంది. వెలుగు చూసి దగ్గరికొచ్చిన చేపని వచ్చినట్టే గుటుక్కుమనిపిస్తుంది."

ఓనరు తలూపాడు. 'చాలు, ఇక నోరు కట్టెయ్యి మహానుభావా' అనుకుంది ఆవిడ, పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ.

"అది మా లంగరు మింగేసింది సార్!"

"లంగరే?" అన్నాడు పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన.

"లంగరు, లంగరు తాడు, తాడు పట్టుకున్న నేను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొట్ట సాగీ సాగీ పెద్ద హాలంత అయింది. నోట్లోంచి దీపం వెలుగు పడుతుంటే కాళ్ళు చాపుకుని పేపరు చదువుకున్నా. విసుగెత్తి, లోపల్నుంచే తోక తిప్పుకుంటూ ఆ చేపనే రేవుకి నడిపించుకొచ్చేశా!"

"పేపరు తడవలేదూ?" అన్నాడు ముసలాయన.

"నేనుండగానా? అయినా అది మామూలు చేపా? జాతి మగాడు! ఇంతేసి మీసాలు!"

ఓనరు గ్లాసు కింద పెట్టాడు. "దీపముండేది ఆడదానికే నాయనా. మగది చిటికెన వేలంత. ఆడదాన్ని వెతుక్కుని ఒంటికి కరుచుకుంటుంది. ఆ నోరు ఆమె ఒంట్లోనే కలిసిపోతుంది. ఇక వేట లేదు, ఈత లేదు, కళ్ళు కూడా పోతాయి. ఆమె నెత్తురు తాగి బతకడమే. నా బోటుకి ఇంకొకణ్ణి చూసుకుంటాలే."

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. మొగుడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"అసలు కథ ఇప్పుడే మొదలైంది సార్, కూర్చోండి! ఏమే, సార్‌కి ఇంకో టీ పొయ్యి."

ఆవిడ పొయ్యలేదు. "ఓనరు గారూ, ఆ మగదాని నోరు కలిసిపోతుందన్నారు, మళ్ళీ ఊడి రాదా?"

"రాదమ్మా. చచ్చేదాకా అంతే."

ఆవిడ మొగుడి మూతి వంక ఓసారి చూసింది.

"ఆ ఆడచేప పెట్టి పుట్టింది" అంది.