గిన్నె పట్టేది ఎవరు

నల్లసముద్రపు ఒడ్డున అమాస్త్రి పట్నం. క్రీస్తును నమ్మినవాళ్ళు రోమా అధికారులకు భయపడి ఇళ్ళలో కూడుకునే రోజులు. విధవరాలు రోదోపె ఇంటి వంటిల్లు. ఆవిడ బానిస త్రుఫేర రేపటి కూడికకు రొట్టెల పిండి పిసుకుతోంది. రోదోపె పక్కన నుంచుని ఉంది.

“అది కాదు నేనడిగింది. పోయిన ఆదివారం కూడికలో ద్రాక్షారసం గిన్నె నీ చేతికెందుకిచ్చారూ అని.”

“సంఘం పెద్దాయన ఇచ్చారండి. పట్టుకున్నాను.”

“ఇస్తే పట్టేసుకోవడమేనా? పక్కన నేను నుంచునే ఉన్నానుగా.”

“ఉన్నారండి.”

“మరి?”

“పిండి బిగుసుకుపోతోందమ్మగారూ. కాసిని నీళ్ళు పొయ్యండి.”

“మాట దాటెయ్యకు. కూడుకునే గది నాది. ద్రాక్షారసం నాది. గోధుమలు మా పొలంలోవి. ఆ గిన్నె మా అత్తగారిది. అంచు తుడిచి ఒక్కొక్కరికీ అందించే భాగ్యం మాత్రం నీదా?”

“నేను అడగలేదండి.”

“అడక్కుండా వచ్చింది కనకే నాకు మండుతోంది.”

“చాలండి నీళ్ళు. చాలు, చాలు.”

“పరిచారకురాలట. నీ తల మీద చేతులు పెట్టి పెద్దాయన అందరి ముందూ అన్నాడు. నా ఇంట్లో నేను వెనక నుంచుని విన్నాను.”

“అందులో ఏముందండి, చాకిరీ తప్ప. జబ్బుపడ్డవాళ్ళకి రొట్టె పట్టుకెళ్ళడం, ఒళ్ళు తుడవడం, ఆడవాళ్ళు బాప్తిస్మానికి దిగితే చెయ్యి పట్టుకోవడం.”

“నేను చెయ్యలేననా?”

“అనలేదండి.”

“మొన్న ఆ వలలల్లే ముసలావిడ, మెలిత, ఆవిడకి రొట్టె నేనే పట్టుకెళ్ళాను. వెండి పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి. ఆ మెట్లన్నీ రొప్పుకుంటూ ఎక్కితే ఏమందో తెలుసా?”

“ఆవిడకి చూపు ఆనదండి.”

“‘త్రుఫేర రాలేదా’ అంది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని గుమ్మం వైపు చూసింది. తిన్నది కూడా సగమే.”

“పళ్ళు లేవు కదండి. నేను ద్రాక్షారసంలో నానబెట్టి పెడతాను.”

“అదిగో. ఆ ముక్క నాకు ముందే చెప్పి చావచ్చుగా.”

“మీరు అడగలేదమ్మగారూ.”

“ప్రార్థనయ్యాక అందరూ ఒకరికొకరు శాంతి చెప్పుకుంటూ సమాధానపు ముద్దు పెట్టుకుంటారా. నా దగ్గరికొచ్చేసరికి బుగ్గకి తగిలీ తగలనట్టు పెట్టి పోతారు. నీ మెడ పట్టుకుని మాత్రం ఏడుస్తారు. నేను చూడట్లేదనుకున్నావా? అవునే, అసూయే. ఒప్పుకుంటున్నాను. ఆ ప్రభువు పేరు నాకు చెప్పింది కూడా నువ్వే. దానికీ నాకు కుళ్ళే.”

“అప్పుడు మీకు జ్వరమండి. ఏదో తోచింది చెప్పాను.”

“బాప్తిస్మం నాడు నీళ్ళలోకి కూడా నువ్వే ముందు దిగావు.”

“మీరే దిగమన్నారండి.”

“నేనా?”

“చలికాలం కదండి. సముద్రం చూసి మీరు వణికిపోయారు. ‘త్రుఫేరా, నువ్వు ముందు దిగి, నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో చూసి చెప్పు’ అన్నారు. నేను దిగి, చల్లగా లేవు రండమ్మా అన్నాను.”

“నా ప్రాణం పోయినంత చల్లగా ఉన్నాయే అవి.”

“అవునండి.”

“అబద్ధం చెప్పావన్నమాట. బాప్తిస్మం పుచ్చుకుంటూ.”

“లేకపోతే మీరు దిగేవారు కాదండి.”

“దిగేదాన్ని. కాసేపాగి దిగేదాన్ని. ఆ ఒక్క మునకకి సంఘంలో నువ్వు నాకు పెద్దదానివైపోయావు.”

“అమ్మగారూ, ఒక్క మాట. నన్ను అమ్మెయ్యండి.”

“ఏంటీ?”

“ఇవాళే. ఎవరికైనా సరే. రేవులో ఓడలవాళ్ళకైనా సరే.”

“నాకు తెలుసు. ఆ క్లోదియ నీ మీద కన్నేసింది. నిన్ను లాక్కుంటే కూడిక కూడా వాళ్ళింటికి పోతుందని దాని ఎత్తు.”

“క్లోదియమ్మగారికి ఏం తెలీదండి.”

“మరి ఎందుకు పోతానంటున్నావ్?”

“పొద్దున పెద్దాయన్ని పట్టుకుపోయారండి.”

“ఎవరు చెప్పారు?”

“మెలిత కొడుకు. మనవాళ్ళ వల్ల గుళ్ళో బలిచ్చిన మాంసం కొనేవాళ్ళు లేరని కసాయివాళ్ళు గవర్నరు దగ్గర మొరపెట్టుకున్నారట. చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేసి క్రీస్తును తిట్టమన్నారట. పెద్దాయన వెయ్యలేదట. ఇప్పుడు కూడికలో గిన్నె పట్టే ఆడమనిషి ఎవరని ఇల్లిల్లూ వెతుకుతున్నారు. నేను లేకపోతే మీ ఇంటి జోలికి రారండి.”

“ఇది పొద్దున్నించీ తెలిసే పిండి పిసుకుతూ కూచున్నావా?”

“మీరు గిన్నె గురించి మాట్లాడుతున్నారు కదండి. మధ్యలో ఎందుకని.”

“నువ్వు దొరికితే ఏం చేస్తారు?”

“తెలుసు కదండి.”

“చెప్పు.”

“బానిసని కొట్టకుండా చెప్పించిన మాట చట్టానికి చెల్లదు కదండి. ముందు కొడతారు. తర్వాత అడుగుతారు.”

“నన్నయితే?”

“మిమ్మల్ని కొట్టరండి. సాంబ్రాణి వెయ్యమంటారు. వేస్తే ఇంటికి పంపేస్తారు.”

“వెయ్యకపోతే?”

“చంపేస్తారటండి. కానీ మిమ్మల్నెవరూ అడగరమ్మగారూ. మీరు పరిచారకురాలు కాదు కదా.”

“పొడువు. ఇంకా పొడువు.”

“అలా కాదండి, నేనన్నది...”

“నాకంతా కనిపిస్తోంది. నువ్వు పోతావు. ఏటా ఆ రోజుకి సంఘమంతా నీ సమాధి దగ్గర కూడుతుంది. నీ పేరు చెప్పుకుని ఏడుస్తూ రొట్టె విరుస్తారు. ఆ రొట్టెకి గోధుమలు మళ్ళీ నావి. నేను మళ్ళీ వెనక నుంచోవాలి.”

“అమ్మగారూ, తలుపు కొడుతున్నారు.”

“విన్నాను.”

“నేను పెరటి దోవన పోతాను.”

“కూచో. చేతులు కడుక్కోకు. ఆ పిండి అలాగే ఉండనీ.”

“గవర్నరు గారి ఉత్తర్వు. తలుపు తియ్యండి.”

“తీసే ఉంది నాయనా. లోపలికి రా.”

“క్రీస్తువాళ్ళ కూడికలో గిన్నె పట్టే ఆడమనిషి ఈ ఇంట్లో ఉందట. ఎవరామె?”

“నేను...”

“దాని మాట పట్టించుకోకు. అది వంటది, చేతులు చూడు. గిన్నె మా అత్తగారిది, అదిగో గూట్లో ఉంది. మా ఇంటి గిన్నె నేను కాక ఇంకెవరు పడతారు?”

“బానిస అని చెప్పారమ్మా మాకు.”

“చెప్పినవాడెవడో సరిగా చూడలేదు. ఇక్కడ పరిచారకురాలిని నేనే.”

“అమ్మగారూ, వద్దండి. అది నాది. ఆ పని నాది.”

“ఊరుకో. మెలితకి రొట్టె నానబెట్టి పట్టుకెళ్ళు, నేను రాలేదని చెప్పు. ఈసారి నేను ముందు దిగి, నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో చూసి చెప్తాలే.”