మెట్ల కింద దరువు

ఆఫీసులో భోజనాల వేళ. మెట్ల కింద సామాన్ల గది తలుపుకు అడ్డంగా చీపురుతో ఊడ్చే అక్క. ఎదురుగా మేనేజరు.

"లోపల ఏంటా గోల?"

"గోలా? ఎక్కడండీ?"

"బకెట్ మీద దరువు, పైగా మౌతార్గాన్. నాకు చెవుల్లేవనుకున్నావా?"

"ఓ, అదా! మౌతార్గాన్ మన వాచ్‌మన్ గారండీ. భోజనం గంటలో సరదాకి..."

"వాచ్‌మన్ గారా?"

"ఈ గదిలోకి వస్తే ఎవరినైనా గారు అనాల్సిందేనండీ. తప్పితే అందరి గిన్నెలూ కడగాలి. మా రూలు."

"సరేలే. ఆ బకెట్ వాయించేది ఎవడు?"

"జాగ్రత్తండీ, ఇవాళ గిన్నెలు చాలా ఉన్నాయి."

"నాతో పరాచికాలా? ఎవడో చెప్పు!"

"కొత్తాయనండీ. మన ఆఫీసాయన కాదు."

"బయటివాణ్ణి రానిచ్చావా? గేటు అవతలికి గెంటెయ్. మళ్ళీ కనిపించాడో, నీ ఉద్యోగం ఉండదు."

"అంత మాటనకండి. కుర్రతనంలో భలే వాయించేవారట. మూటలు మోసి కొడుకుని చదివించే హడావిడిలో వదిలేశారట పాపం. ఇక్కడ బకెట్ కనబడేసరికి చేతులు ఊరుకోలేదు."

"కథలొద్దు. అసలే ఆకలితో చస్తున్నాను. నా క్యారియర్ ఇంకా పైకి రాలేదు."

"వచ్చిందండీ. లోపలుంది."

"లోపలా? ఎందుకు?"

"తెచ్చినాయన వాయిస్తున్నారుగా. ఈ పాట అయ్యాక పంపిద్దామని..."

"తెచ్చిన... ఆయనా?"

"క్యారియర్ మీ ఇంట్లో పనివాడు తెస్తాడని పొద్దున గేటు దగ్గర మీరే చెప్పారు కదండీ. ఆయన్నడిగితే ఆయనా అదే అన్నారు. అవునమ్మా, పనివాణ్ణే అని. ఏంటండీ, అలా అయిపోయారు? గెంటెయ్యమంటారా?"

"వద్దు."

"పోనీ, మళ్ళీ రావద్దని చెప్పనా?"

"వద్దన్నానుగా! ...నిజంగా అలాగే అన్నాడా? పనివాణ్ణని?"

"అన్నారు."

"ఆ... అన్నారు."

"నవ్వుతూనే అన్నారు లెండి. ముక్కు మాత్రం అచ్చం మీదే."

"నీకు ముందే తెలుసు కదూ?"

"నాకేం తెలుసండీ, ఊడ్చుకునేదాన్ని."

"కాస్త జరగండి, అక్కగారూ."

"దేనికండీ? పాట ఆపించడానికా?"

"పాట ఆపకండి. గిన్నెలెక్కడ కడగాలో చూపించండి. మా నాన్నగారి గిన్నె ముందు కడుగుతాను."