మేడమ్ గారి పక్క కుర్చీ

1997 జూలై 7వ తేదీన మన సంస్థలో ప్రోగ్రామరుగా చేరిన మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. దూరప్రయాణపు బస్సుల టికెట్లు అమ్మే మన సాఫ్ట్‌వేరు వారి చేతుల మీద పుట్టి, వారి చేతుల మీదే పెరిగింది.

చేరిన మూడో ఏటనే వారు తమ బల్ల పక్కన రెండో కుర్చీ వేయించారు. చదువు ముగించుకుని వచ్చిన ప్రతి కొత్త ఉద్యోగీ ఏడాది పాటు అందులో కూర్చుని పని నేర్చుకున్నవారే. ఆ కొత్తవాళ్ల తప్పులు పట్టడం టెస్టింగ్ విభాగంలో నా ఉద్యోగం. ఏడాది తిరిగేసరికి నాకు పట్టడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

ఒకసారి ఒక కొత్తమ్మాయి చేసిన మార్పు వల్ల కిటికీ పక్క సీటొకటి నలభై మందికి అమ్ముడుపోయింది. బస్టాండులో కొట్లాట. అప్పటి మేనేజరు గారు ఊగిపోయారు.

"ఆ పిల్లని ఇవాళే పంపించెయ్యండి!"

"ఇంత నష్టపోయి నేర్పించాం కదండీ. ఇప్పుడు పక్క కంపెనీవాళ్లకి ఊరికే ఇచ్చేస్తారా?" అన్నారు మేడమ్ గారు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఏడ్చింది చాల్లే తల్లీ. తప్పెక్కడుందో నువ్వే వెతుకు. నేనిక్కడే ఉంటా" అన్నారు.

సీట్ల అమ్మకం చూసే విభాగాన్ని తర్వాత పదేళ్లు మోసింది ఆ అమ్మాయే. నిరుడు, జీతం ఎక్కువైందని ఆమెను పంపించేశారు.

మూడేళ్ల క్రితం వచ్చిన నియామకాల అధికారి గారు, "వచ్చిన రోజే పని అందుకునేవాళ్లు కావాలి. నేర్పుతూ కూర్చునే తీరిక మనకు లేదు" అన్నారు. ప్రతి ప్రకటనలోనూ ఐదేళ్ల అనుభవం అడిగారు. అందరూ అనుభవజ్ఞులనే కోరితే మొదటి ఏడాది అనుభవం ఇచ్చేదెవరు? పక్క కుర్చీ తీసేసి అక్కడ ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. వచ్చిన అనుభవజ్ఞులు ఏడాదైనా నిండకుండా ఇంకో చోటికి వెళ్లారు. వెళ్లనివారిని, మూడు నెలల లాభం తగ్గిందని, వీరే పంపారు. ఆ తర్వాత మళ్లీ ప్రకటన. దీన్ని వారు వ్యూహమన్నారు. నేను సిగ్గులేనితనమంటాను.

పోయిన వారం ఆ అధికారి గారే మేడమ్ గారి బల్ల దగ్గరకు వచ్చారు.

"ఒక్క మూడు నెలలు ఉండిపోండి మేడమ్, ప్లీజ్. ఈ సాఫ్ట్‌వేరు లోపలి సంగతి తెలిసినవాళ్లు ఇంకొక్కరు లేరు."

"ఇద్దరు కొత్త పిల్లల్నివ్వండి. ఏడాది ఉంటాను."

"ఏడాదా! అప్పటికి నేనే ఇక్కడ ఉంటానో లేదో!"

"అదేనండీ మీ జబ్బు" అన్నారు మేడమ్ గారు, సంచి సర్దుకుంటూ.

మేడమ్ గారూ, ఇన్నేళ్లూ మీరు వచ్చేదాకా అన్నం ముట్టని మీ వారు ఇంట్లో ఉన్నారు. ఎదురుచూసే మనిషి పోయిన ఇంటి తలుపు తీయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కనుక చెబుతున్నాను, తొందరగా వెళ్లండి. మీ దంపతులు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు ఉండాలి. ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. తప్పకుండా వస్తుంది. ఎత్తకండి.