ఐదు టేకులు

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఓ బంగళా. గేటు బయట ఆగివున్న కారవాన్‌లో, మధ్యాహ్నం భోజనాల వేళ, ముగ్గురు: నలభై సినిమాల్లో తాగుబోతు వేషం వేసి, నిజంగా మాత్రం పదకొండేళ్లుగా చుక్క ముట్టని సుందర్ రాజు, ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేస్తే వెంగళరావు నగర్ నుంచి ఆటోలో పరుగున వచ్చిన ఆయన భార్య ఫిలోమినా, సెట్లో సీసాలూ గ్లాసులూ చూసుకునే కౌసల్య.

“ఇదేనా ఆ సీసా?”

“గిదే మేడం.”

“మూత తియ్యి, చూస్తాను. ఇదేంటి, పండు వాసనొస్తోంది!”

“గందుకే మోసపోయిన మేడం. మీద పీచ్ పండు బొమ్మ ఉండె. ప్రొడ్యూసర్ గారి దోస్తు ఫారిన్ నుంచి తెచ్చిండట, టేబుల్ మీద పెట్టుమన్నరు. కింద చిన్న అక్షరాలు నా కండ్లకు ఆనలే. జ్యూస్ అనుకున్న.”

“రోజూ ఏం పోస్తావు మరి?”

“టీ డికాషన్ల నీళ్లు కలిపి పోస్త. టేకు టేకుకు గా చల్లారిన చేదు తాగలేక సార్ మొహం ముడుచుకుంటడు. ఇయ్యాల ఒక్కనాడన్న జర తియ్యగ తాగనీ అని...”

“వదిలెయ్ ఫిలో. తల నొప్పిగా ఉంది.”

“ఎందుకుండదండీ! మజ్జిగ తాగారా?”

“తాగాను.”

“అబద్ధం. గ్లాసు అక్కడే ఉంది. ఏమ్మా, ఆ మూతలో ఒక్క చుక్క పొయ్యి.”

“నీకెందుకు ఫిలో?”

“నా మొగుడికి ఏం తాగించారో నాకు తెలియొద్దూ? అబ్బ! చిన్నప్పుడు మన అమ్మాయి షాలినికి పట్టిన దగ్గు మందులా ఉంది. విస్కీ ఇంత తియ్యగా ఉంటుందా?”

“మామూలు విస్కీ కాదది. పండ్ల రసం, పంచదార కలిపి చేస్తారు. ముందు పండే తెలుస్తుంది. తర్వాత తేనెలాగ. మింగాక, ఇదిగో, ఇక్కడ... గొంతు కింద సన్నగా వెచ్చబడుతుంది. అప్పటిగ్గానీ విస్కీ బయటపడదు.”

“బాగా గుర్తుందే.”

“ఇందాకే కదా.”

“ముందు పండే తెలుస్తుందన్నారుగా, అందుకే మీకు తెలిసుండదు, పాపం. తెలియక తాగింది తాగినట్టు కాదండీ. ఆటోలోంచే పాస్టరు గారికి ఫోన్ చేసి అడిగాను.”

“అప్పుడే ఆయనకి చెప్పేశావా?”

“ఆదివారం చర్చిలో మీ సాక్ష్యం ఉంది కదండీ! తాగుడు మానేసి పదకొండేళ్లు నిండే రోజు. అందరి ముందూ నిలబడాలి. మీరేమో ఇది మనసులో పెట్టుకుని, నేను చెప్పలేనంటారు. మీ సంగతి నాకు తెలీదా? ఆయన ఒకటే మాటన్నారు. మోసపోయి మింగింది లెక్కలోకి రాదు సిస్టర్, పదకొండేళ్లు పదకొండేళ్లే అని.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి?”

“ఏం లేదు. అలిసిపోయాను.”

“సరే, ఇందులో మందుందని ఎవరు కనిపెట్టారు?”

“నేనే మేడం. గ్లాసులు కడుగుతుంటే వాసన ఘాటుగ తగిలింది. ఉరికిపోయి మేనేజర్‌కు చెప్పిన.”

“చెప్పడం మంచిదే. కానీ తప్పు తప్పే కదమ్మా. ఏవండీ, మేనేజరు ఈ కాగితం ఇచ్చాడు. సంతకం పెట్టండి.”

“ఏంటది?”

“నిర్లక్ష్యంగా మందు పోసిందని. రేపట్నుంచి పనిలోకి రానివ్వరట. యూనియన్ కార్డు కూడా...”

“కార్డు గిట్ల పోతదా మేడం? ఇరవై ఏండ్ల కార్డది.”

“మరి మా పదకొండేళ్లు పోయుంటే? మెట్ల మీద పడున్న మనిషిని ఈడ్చుకొచ్చి మంచమ్మీద వేసిన చేతులమ్మా ఇవి. దగ్గు మందు సీసా కూడా బీరువాలో పెట్టి తాళం వేసుకుని బతికాను.”

“ఫిలో...”

“మీరుండండి. ఎన్నిసార్లు పోశావసలు?”

“ఐదు... ఐదు టేకులు మేడం.”

“ఐదా! ఒక్క గుక్క తాగే షాట్‌కి ఐదు టేకులా? ఏవండీ, మీరెప్పుడూ ఒక్క టేకులో చేసేస్తారు కదా!”

“కుదర్లేదు.”

“ఏం కుదర్లేదు?”

“ఏదో... లైటింగు.”

“మొదటి గుక్క మింగాకైనా తెలియలేదా?”

“టేక్ మధ్యలో ఊసేస్తామా? షాట్ పాడవదూ?”

“టేక్ అయ్యాక?”

“తల నొప్పిగా ఉందన్నాను కదా ఫిలో.”

“అయితే ఆ డైరెక్టర్ని అనాలి. ఇంత పెద్ద మనిషి చేత ఐదుసార్లు తాగిస్తాడా? ఏమ్మా కౌసల్యా, నువ్వక్కడే ఉన్నావుగా. ఏం నచ్చలేదట ఆయనకి?”

“నాకు తెల్వది మేడం.”

“తెలీకపోవడమేంటి? ప్రతిసారీ గ్లాసు నింపింది నువ్వేగా?”

“నింపుమన్నరు, నింపిన. నేను... నేను దూరంగున్న. వినపడలే.”

“కౌసల్యమ్మా.”

“మీరు ఊకోండ్రి సార్. తప్పు నాదే. సంతకం పెట్టుండ్రి. రహమత్ నగర్‌ల మా చెల్లె టిఫిన్ బండి ఉంది, గక్కడ్నే పని చేస్కుంట.”

“ఇదిగోండి పెన్ను.”

“నీకు వినపడిందమ్మా. నా పక్కనే ఉన్నావు నువ్వు.”

“వద్దు సార్. మీకు ఆదివారం చర్చిల...”

“ఏం వినపడింది? ఏవండీ, ఇద్దరూ కలిసి ఏం దాస్తున్నారు నా దగ్గర?”

“ఆ కాగితం చింపెయ్ ఫిలో. డైరెక్టరు మొదటి టేకే ఓకే అన్నాడు. మిగతా నాలుగుసార్లూ ‘వన్ మోర్’ అన్నది నేను.”